లక్సెంబర్గులో సముద్రం

యుద్ధం రోజుల్లో సౌదీలో మా తలల మీదుగా క్షిపణులు పోయాయి. ఒక్కటీ నన్నేమీ చేయలేదు. యుద్ధం ముగిసి, జనమంతా హమ్మయ్య అనుకుంటూ విషవాయువు రాకుండా కిటికీలకు అతికించిన టేపులు పీకేసుకుంటున్న కాలంలో నన్ను పడగొట్టింది లక్సెంబర్గు. అవునండీ, యూరపులో ఉండే ఆ గుప్పెడంత దేశమే. చెప్పుకోదగ్గ సైన్యం కూడా లేని దేశం, నన్ను మాత్రం చిత్తు చేసి పారేసింది. తప్పు దానిది కాదు. గడ్డపార అయినా పట్టుకోకుండా ఆ దేశం చుట్టూ సముద్రం తవ్వినవాణ్ణి నేనే. ఆ తవ్వకంలో నా పెళ్లి ఎలా మునగబోయిందో చెబుతాను, వినండి.

అప్పుడు నేను రాస్ తనూరాలో ఏసీ మెకానిక్కుని. మాది మెట్‌పల్లి దగ్గరి ఊరు. పేరు రాజేశం. సౌదీకి రాకముందు సర్కారు కొలువు కోసం పరీక్షలు రాసి రాసి, కొలువు రాలేదు గానీ జనరల్ నాలెడ్జి మాత్రం ఒంటికి పట్టేసింది. ఏ దేశం పేరు చెప్పినా రాజధాని చెప్పేవాణ్ణి, డబ్బును ఏమంటారో చెప్పేవాణ్ణి. ఆ దేశం ఎక్కడుందంటే మాత్రం తల గోక్కునేవాణ్ణి. మా పుస్తకంలో పట్టికలున్నాయి, పటాలు లేవు మరి. తిథి వార నక్షత్రాలన్నీ చదివి పెళ్లి ఏ ఊళ్లోనో చెప్పని పురోహితుడిలాంటివాణ్ణన్నమాట.

మా కఫీల్ అబూ నాసిర్. అంటే మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. మంచి మనిషి. ఆయనకు ఒకే ఒక్క పిచ్చి, చేపలు పట్టడం. గురువారం మధ్యాహ్నం గాలాలు కారులో వేసుకుని ఉత్తరపు తీరానికి పోతే శుక్రవారం పొద్దుగూకాకే ఇల్లు చేరేవాడు. యుద్ధంలో ఆ తీరమంతా నల్లటి నూనె తెట్టు కట్టింది. చేపలు పోయాయి. చేపలతో పాటు మా కఫీల్ మొహంలో నవ్వూ పోయింది. ఖాళీగా ఉన్న యజమాని కంటే ప్రమాదకరమైన జీవి ఎడారిలో లేదు. వారమంతా ఆఫీసులోనే కూర్చుని, నట్లు సరిగ్గా బిగించామా లేదా అని మా వెంట పడేవాడు.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు వాళ్లింట్లో ఏసీ బాగుచేయడానికి వెళ్లాను. నేను నిచ్చెన మీద, ఆయన కింద తివాచీ మీద. లోపలి గుమ్మానికి తెర. తెర వెనక ఆయన భార్య ఉమ్ము నాసిర్, కొడుకు నాసిర్, కూతురు నూరా. ఆయన మాట్లాడేది సగం అరబ్బీ, సగం ఉర్దూ. నేను మాట్లాడేది అందులో సగం, మిగతాదంతా చేతులతో. మీకోసం అన్నీ తెలుగులోనే చెప్పేస్తాను.

"రాజేశ్, పిల్లల్ని ఎక్కడికైనా తీసుకుపోవాలి" అన్నాడాయన. "సైరన్లు విన్నప్పట్నుంచీ చిన్నది నూరా తలుపు చప్పుడైనా మంచం కిందికి దూరుతోంది. చల్లటి దేశం కావాలి."

"లండన్ పోండి ముదీర్" అన్నాను. ముదీర్ అంటే మన దగ్గర దొరగారు అన్నట్టు.

"లండనా! ఇక్కడ ఎవరి మొహం చూడలేక పారిపోతామో వాళ్లంతా అక్కడే ఎదురొస్తారు. మా బావమరిదికి అక్కడ ఇల్లే ఉంది. చిన్న దేశం చెప్పు. పిల్లలు తప్పిపోయినా ఆ దేశంలోనే దొరికేలా ఉండాలి."

అదిగో, సరిగ్గా అక్కడ నేను నోరు మూసుకుని స్క్రూడ్రైవరు తిప్పుకోవాల్సింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఊళ్లతో తృప్తి పడే రకం కాదు, దానికి దేశాలు కావాలి.

"లక్సెంబర్గు పోండి ముదీర్!" అన్నాను, నిచ్చెన మీంచి ఆకాశవాణిలా.

"అదేం దేశం?"

"యూరపుల ఉన్న దేశం. రాజధాని లక్సెంబర్గు. దేశం పేరూ అదే, ఊరి పేరూ అదే. మర్చిపోయే పనే లేదు. ఇంత చల్లగ ఉంటది. కొండల మీద కోటలుంటయ్. రాజుగారుంటడు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి దేశమంతా చూసుడు అయిపోతది."

చెబుతూంటే నాకే ముచ్చటేసింది. ఆయన కళ్లలో వెలుగు వచ్చింది. లేచి నిచ్చెన దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "సముద్రం ఉందా?"

చదువరులారా, ఒక్క క్షణం నా స్థానంలో ఉండి చూడండి. నేను కళ్లారా చూసిన చిన్న దేశం ఒక్కటే, బహ్రెయిన్. మా తీరానికి పక్కనే ఉంటుంది. చుట్టూ నీళ్లు. చిన్న దేశమంటే చుట్టూ నీళ్లు ఉండాల్సిందే కదా, లేకపోతే పక్కనున్న పెద్ద దేశాలు కలిపేసుకోవూ? ఇంత గట్టి తర్కం ముందు పటం ఎందుకు?

"సముద్రం లేకుంటెట్ల ముదీర్!" అన్నాను.

"చేపలు?"

"గాలం వేసే పని కూడా లేదు. పేరు పెట్టి పిలిస్తే వస్తయ్."

తెర వెనక గాజుల చప్పుడైంది. ఉమ్ము నాసిర్ గొంతు, నెమ్మదిగా, స్పష్టంగా వినిపించింది. "రాజేశ్, సముద్రం ఏ వైపు ఉంది?"

"నాలుగు దిక్కులా ఉంది మేడమ్!"

తెర అంచు కాస్త కదిలి మళ్లీ సర్దుకుంది. తర్వాత ఆవిడ "మాషాల్లా, అయితే లక్సెంబర్గే వెళ్దాం" అంది.

కఫీల్ ఆనందం పట్టలేక నన్ను నిచ్చెన మీంచి దింపి ఖర్జూరాలు తినిపించాడు. ఆ ఊపులోనే నేనూ నా కోరిక విప్పాను. శ్రావణంలో కోరుట్లలో నా పెళ్లి. పిల్ల పేరు సుజాత. ఊరికి పోయి తిరిగి రావడానికి ఇచ్చే ఖురూజ్ కాగితం మీద ఆయన సంతకం పడాలి.

"తప్పకుండా! నేను తిరిగొచ్చిన రోజే పెడతాను. పెద్ద చేపను పట్టిన చేత్తో పెడతాను!" అన్నాడు. నేను కూడా ఎంత పొంగిపోయానో! ఆ క్షణంలో నా పెళ్లి ముహూర్తాన్ని నా చేతులతో నేనే ఒక చేప నోట్లో పెట్టానని తెలియదు.

తర్వాత వారం టికెట్లు తెమ్మని నన్ను దమ్మాం పంపాడు. టికెట్ల ఆఫీసులో కోయా అని ఒక మలయాళీ ఉండేవాడు. గాలాల పొడుగు పెట్టెను విమానంలో వేయనిస్తారా అని అతన్ని హిందీలో అడిగాను.

"వేస్తారు. ఎక్కడికి?"

"లక్సెంబర్గుకు."

కోయా రాస్తున్న పెన్ను ఆగింది. "గాలాలా? లక్సెంబర్గుకా?"

"ఔ. సముద్రంల చేపలు పట్టడానికి."

అతను పాపం మర్యాదస్తుడు. నవ్వకుండా లేచి, గోడ మీది పెద్ద పటం దగ్గరికి నన్ను తీసుకుపోయాడు. "భాయ్, ఇటు బెల్జియం. ఇటు జర్మనీ. కింద ఫ్రాన్స్. నడుమ ఈ వేలిగోరంత ఉన్నదే లక్సెంబర్గు. నీ సముద్రం ఎక్కడో నువ్వే చూపించు."

నేను ముక్కు పటానికి ఆనించి వెతికాను. ఆశ చావదు కదా. "ఇగో, ఇక్కడ నీలంగున్నది!"

"అది నా పెన్ను మరక" అన్నాడు కోయా.

బస్సులో తిరిగొస్తూంటే నా కళ్ల ముందు శుభలేఖ కనిపించింది. దాని మీద వరుడి పేరు దగ్గర ఖాళీ. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఒక్క సముద్రంతో సొంత పెళ్లి చెడగొట్టుకున్న మొనగాణ్ణి నేనే అయ్యుంటాను.

గదిలో గంగారాం ఉన్నాడు. ఆర్మూరువాడు, ప్లంబరు, నా ప్రాణ మిత్రుడు. సంగతంతా విని, పగలబడి నవ్వి, మంచం మీంచి కిందపడి, లేచి మళ్లీ నవ్వాడు.

"నవ్వుడు ఆపి ఏం చేయాల్నో చెప్పరా!"

"ఏమున్నది? ఉన్నదున్నట్టు చెప్పేయ్. పోకముందు చెప్తే ఒక్క తిట్టుతోని పోతది. పోయినంక తెలిస్తే ఒక్కొక్క చేపకు ఒక్కొక్క తిట్టు."

"చేపలే లేవంటి కదరా!"

"గందుకే లెక్క ఉండది."

మర్నాడే గుండె రాయి చేసుకుని కఫీల్ దగ్గరికి వెళ్లాను. ఆయన తివాచీ మీద గాలాలు పరుచుకుని, పసిపిల్లకు నలుగు పెట్టినట్టు ఒక్కొక్కదానికి నూనె రాస్తున్నాడు.

"ముదీర్" అన్నాను. నా అరబ్బీ అంతా కూడదీసుకున్నా మూడు మాటలే దొరికాయి. "లక్సెంబర్గు... బహర్ మాఫీ." అంటే, సముద్రం లేదు.

ఆయన చేతులు ఆగాయి. "ఎవడన్నాడు?"

"టికెట్ల ఆఫీసు అతను. పటంల చూపించిండు."

ఆయన నా వైపు చూశాడు. మెల్లగా మీసం కింద నవ్వు మొలిచింది. "పిచ్చివాడా! మంచి రేవు దొరికిన జాలరి ఎవరికైనా నిజం చెబుతాడా? నేను మాత్రం మా బావమరిదికి ఏం చెబుతాననుకున్నావు? ఉత్తరాన చేపల్లేవు, పోవద్దనే చెబుతాను. లేదంటున్నారంటే ఉన్నట్టే! అంత గట్టిగా లేదంటున్నారంటే చాలా ఉన్నట్టు!"

"ముదీర్, నిజంగనే లేదు!"

"చూశావా, ఇప్పుడు నువ్వు కూడా దాస్తున్నావు. నేర్చుకున్నావురా!" అని నా వీపు తట్టి, ఇంకో రెండు గాలాలు పెట్టెలో సర్దాడు.

ఇక మిగిలిన దారి రత్తమ్మక్క. కోనసీమ మనిషి, వాళ్లింట్లో వంటా పిల్లల పనీ చూసేది. పిల్లల కోసం ఆవిణ్ణి కూడా తీసుకుపోతున్నారు. వంటింటి ఏసీ చూసే వంకతో వెళ్లాను. పెరటి గుమ్మంలో కూర్చుని బజారు చేపలు తోముతోంది. మొహం చూడగానే అడిగింది.

"ఏవయ్యా తమ్ముడూ, మొహం అలా వేలాడేసుకున్నావేటి?"

"అక్కా, మేడమ్‌కు ఒక్క మాట చెప్పు. ఆ దేశంల సముద్రం లేదు."

"లేదా?" అక్క చేతిలోని చేప పక్కన పెట్టేసింది. "ఒట్టు?"

"ఒట్టు."

"నీ కడుపు సల్లగుండ! ఇంత సల్లటి కబురు చెప్పి ఏడుస్తావేటి? మాది అంతర్వేది పక్కన. పుట్టిన కాణ్ణుంచీ సముద్రం చూస్తానే ఉన్నాను. ఇక్కడికొచ్చాకా ఈయన తెచ్చిన చేపల పొలుసులు గీకి గీకి నా గోళ్లు అరిగిపోయాయి. సముద్రం లేని దేశం ఒకటుందని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు. నోరు మూసుకుని ఎల్లు తమ్ముడూ. ఒక్క మాట బయటికొచ్చిందంటే నీ టీలో ఉప్పేసేస్తాను."

వాళ్లు వెళ్లిపోయారు. నేను మిగిలాను. ఏసీలు బాగుచేస్తూనే ఉన్నాను గానీ చెమటలు మాత్రం నాకే పట్టాయి. ఇంటి నుంచి కబురు మీద కబురు. మా అమ్మ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, "కొడకా, బ్యాండోళ్లకు బయానా ఇచ్చినం. ఎప్పుడస్తున్నవ్?" అంది. "సముద్రం దొరకంగనే వస్తనే" అన్నాను పొరపాటున. "ఓడల వస్తున్నవా ఏందిరా? ఇమానం లేదా?" అని ఆమె గాభరా పడింది.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఫోన్ మోగింది. ఎత్తితే ఉరుము.

"రాజేశ్! సముద్రం ఎక్కడ?"

"సలామాలేకుం ముదీర్. మీరు ఎక్కడున్నరు?"

"హోటల్లో. కిటికీ తీస్తే కొండ. ఇంకో కిటికీ తీస్తే ఇంకో కొండ. నడుమ లోయ. వాన పడుతోంది. ఇన్ని నీళ్లు పైనుంచి పడుతున్నాయి, కింద సముద్రం మాత్రం లేదు!"

ఒప్పేసుకుందామని నోరు తెరిచాను. తెరిచిన నోరు అలవాటు ప్రకారం వేరే మాట అంది. "కొంచెం పడమటి దిక్కు పోయి చూడండి ముదీర్."

మర్నాడు మళ్లీ ఫోన్. ఈసారి ఉరుము లేదు. నీరసంగా, దిగాలుగా ఉంది ఆ గొంతు.

"రాజేశ్, పడమటికి పోయాను. దేశం అయిపోయింది."

"అయిపోయిందా?"

"అయిపోయింది! బోర్డు మీద బెల్జియం అని ఉంది. వెనక్కి తిప్పి దక్షిణానికి పోయాను. అక్కడా అయిపోయింది, ఫ్రాన్స్! తూర్పుకు పోయాను. ఒక నది కనిపించింది. ఇదేనేమో అనుకుని గాలం తీశాను. అవతలి గట్టు జర్మనీ అన్నారు! ఒక్క పూటలో మూడు దిక్కులా దేశం అయిపోయింది!"

"ఉత్తరం ఇంకా ఉన్నది కద ముదీర్?" అన్నాను.

అటువైపు ఫోన్ పెట్టేశాడో, పగలగొట్టాడో ఈనాటికీ తెలియదు. ఆ తర్వాత ఫోన్ రాలేదు.

వాళ్లు తిరిగొచ్చారని, నన్ను వెంటనే ఇంటికి రమ్మన్నారని కబురు వచ్చింది. గంగారాం నా ఇస్త్రీ చొక్కా తీసి, జేబులో ఖురూజ్ కాగితం పెట్టి చేతికిచ్చాడు. "మంచి అంగి తొడుక్కో. తన్నులు తిన్నా జెర మర్యాదగ కనవడాలె."

గేటు దగ్గర రత్తమ్మక్క ఎదురైంది. బుగ్గలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. "లోపలికెల్లు తమ్ముడూ" అంది, నవ్వు ఆపుకుంటూ. ఆ నవ్వును నేను నమ్మలేదు. బలి మేకను చూసి నవ్వేవాళ్లు కూడా ఉంటారు కదా.

లోపల కఫీల్ తివాచీ మీద కూర్చున్నాడు. పక్కన గాలాల పెట్టె, కట్టిన తాడు కట్టినట్టే ఉంది. నేను గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టాను. "ముదీర్, నన్ను మాఫ్ చేయండి. నేను ఆ దేశం చూడలే. పటమూ చూడలే. బహ్రెయిన్‌ను చూసి గట్ల అన్న."

"కూర్చో" అన్నాడాయన. కూర్చున్నాను. 

"మొదటి రెండు రోజులు నిన్ను ఎన్ని రకాలుగా చంపాలా అని ఆలోచించాను" అన్నాడు. "మూడో రోజు చేయడానికి పనేమీ లేదు. చేపల్లేవు, ఫోన్లు లేవు, బావమరిది లేడు. పిల్లలు చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. కొండ మీది కోటకు తీగల మీద కుర్చీలో పోవాలి. నేను కళ్లు మూసుకున్నాను. నాసిర్ నన్ను చూసి నవ్వాడు. వాడికి పైదవడలో పన్ను ఊడి కొత్తది వస్తోందని నాకు అప్పుడే తెలిసింది."

ఆయన గాలాల పెట్టెను పక్కకు జరిపాడు. 

"మేమున్న ఊళ్లో రాతిలో తొలిచిన సొరంగాలున్నాయి. పూర్వం యుద్ధాలొస్తే జనం దాక్కోవడానికట. నూరా భయపడుతుందేమోనని నేను వద్దన్నాను. అది నా చెయ్యి వదిలించుకుని లోపలికి పరుగెత్తి అరిచింది. దాని గొంతు దానికే తిరిగి వినిపించింది. ఇంక చూడు, ఆ సాయంత్రమంతా అరుపులే. బయటికొచ్చాక అడిగింది, నాన్నా, మనం టేపులు అతికించుకుని దాక్కున్న గదిని కూడా టికెట్టు పెట్టి అందరికీ చూపిద్దామా అని. ఇప్పుడు తలుపు చప్పుడైతే మంచం కిందికి పోవడం లేదు. అదే తలుపు ధడాధడా వేస్తోంది."

అది నిజమేనని అప్పుడే లోపల ఏదో తలుపు దబ్బున పడి రుజువైంది. నా పెదాల మీదికి నవ్వు రాబోయింది. ఆయన వేలెత్తాడు.

"నవ్వకు! ఇదంతా దేవుడి దయ. నువ్వు చేసింది మాత్రం మోసమే. నాలుగు దిక్కులా సముద్రమన్నావు! ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికైనా అనుమానం రాకుండా నమ్మించావు! ఇప్పుడు సెలవు ఎలా ఇమ్మంటావు?"

అంతే, కోరుట్లలో బ్యాండు ఆగిపోయింది. సుజాత వాళ్ల నాన్న పందిరి విప్పేస్తున్నట్టు కళ్లకు కట్టింది. నేను తల వంచుకుని కూర్చున్నాను.

అప్పుడు తెర వెనక నుంచి నవ్వు వినిపించింది. ఉమ్ము నాసిర్. "అతన్నేమీ అనకండి. సముద్రం లేదని నాకు ముందే తెలుసు."

కఫీల్ మొత్తంగా తెర వైపు తిరిగాడు. "ముందే అంటే?"

"అతను నిచ్చెన మీద ఉన్నప్పుడే. చేపల్లేని చోటైతే మీరు పిల్లలకు దొరుకుతారని ఊరుకున్నాను."

"నీకెలా తెలుసు?"

"పెళ్లికి ముందు నేను బాలికల బడిలో టీచర్ని కదా?"

"అవును."

"ఏం చెప్పేదాన్ని?"

పైన ఏసీ నడుస్తోంది. అది నేను బాగుచేసిన ఏసీయే, చాలా బాగా పనిచేస్తోంది. అయినా మా కఫీల్ నుదుటి మీద చెమట పట్టింది. పైకి చూశాడు, కిందికి చూశాడు, సాయం చేస్తానేమోనని నా వైపు చూశాడు. నేను తివాచీ మీది పువ్వులు చూసుకున్నాను.

"లెక్కలు?" అన్నాడు చివరికి, సన్నగా.

"భూగోళం" అంది ఆవిడ.

వంటింటి వైపు నుంచి ఏదో గిన్నె కిందపడింది. రత్తమ్మక్క నవ్వు ఆపుకోలేక వదిలేసినట్టుంది.

 కఫీల్ నా జేబులోంచి ఖురూజ్ కాగితం లాక్కున్నాడు, తన జేబులోంచి పెన్ను తీశాడు, సంతకం గీకేశాడు. ఒక మగవాడు ఇంకో మగవాడికి అంత తొందరగా సెలవివ్వడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఇచ్చి, గుమ్మం దాకా వచ్చి, తెరకు వినపడకుండా నా చెవిలో అన్నాడు.

"పోయి పెళ్లి చేసుకో రాజేశ్. కానీ తాళి కట్టే ముందు, ఆ అమ్మాయి ఏం చదివిందో ఒకసారి అడుగు."

అడిగాను. పీటల మీదే, జీలకర్ర బెల్లం పెడుతూ అడిగాను. సుజాత తల వంచుకునే చెప్పింది. "ఇంటర్ల హెచ్చీసీ. గిప్పుడెందుకు?" చరిత్ర, ఆర్థికశాస్త్రం, పౌరశాస్త్రం అన్నమాట. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. అది తొందరపాటని తర్వాత తెలిసింది. చరిత్ర చదివిన భార్య నిన్న మొన్నటి సంగతులే కాదు, ఏళ్ల కిందటివీ మర్చిపోదు.

కాబట్టి చదువరులారా, అగ్నిసాక్షిగా కాకపోయినా ఏసీసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఈ నోటితో ఏ దేశాన్నీ పొగడను. ఏ నేల చుట్టూ నీళ్లు పారించను. ఫలానా దేశానికి ఎందుకు పోవాలి, అక్కడ చూడ్డానికేమున్నాయి అని నన్నెవరైనా అడిగితే, చేతులు కట్టుకుని, వినయంగా, ఒక్కటే జవాబు చెబుతాను.

"ముందు మీ ఆవిణ్ణి అడగండి."